మదరాసులో పేనిన మూడు పేటల తాడు

మన శరీరంలోని మాంసకృత్తులన్నిటిలోకీ అధికంగా ఉండేది కొలాజెన్. చర్మానికీ, ఎముకకూ, కండరాన్ని ఎముకతో కలిపే నరానికీ బిగువునిచ్చేది అదే. దాని అణునిర్మాణాన్ని తొలిసారి సరిగా ఊహించినది మదరాసులో.

1952లో సి.వి. రామన్ శిష్యుడైన జి.ఎన్. రామచంద్రన్ మదరాసు విశ్వవిద్యాలయ భౌతికశాస్త్ర శాఖాధిపతిగా వచ్చారు. వయస్సు ముప్పై. కొలాజెన్ చిక్కు ఇంకా వీడలేదని ఆయన దృష్టికి తెచ్చినది, ఆ రోజులలో మదరాసు వచ్చిన శాస్త్రజ్ఞుడు బెర్నాల్. పరిశోధనకు కావలసిన కంగారూ తోక నరం పక్కనే ఉన్న కేంద్రీయ చర్మ పరిశోధనా సంస్థలో దొరికింది. (తరువాతి కాలంలో ఆ సంస్థకు సంచాలకులైన యలవర్తి నాయుడమ్మ మన తెలుగువారే.)

మాంసకృత్తు అంటే అమైనో ఆమ్లాల గొలుసు. కొలాజెన్‌లో ప్రతి మూడవ పూస గ్లైసీను, అన్నిటిలోకీ చిన్నది. ఎందుకిలా? మూడు గొలుసులు కలిసి ఉంటే నడిమి ఇరుకులో మరే పూసా పట్టదు కనుక. గోపీనాథ్ కర్తాతో కలిసి 1954లో రామచంద్రన్ ఈ సంగతి ప్రకటించారు. ఆ మూడు పేటలూ ఒకదానినొకటి పెనవేసుకొని ఉంటాయని 1955లో సవరించారు.

వెంటనే రిచ్, క్రిక్ ఆక్షేపించారు: పరమాణువులు మరీ దగ్గరగా ఉన్నాయి, ప్రతి మూడు పూసలకూ ఉండదగినది రెండు హైడ్రోజన్ బంధాలు కాదు, ఒక్కటే అని. బంధాల లెక్కలో వారి మాటే నిలిచింది. మూడు పేటల రూపం మాత్రం రామచంద్రన్‌దే.

అయితే ఆయన వాదులాటతో ఆగలేదు. అసలు పరమాణువులు ఎంత దగ్గరకు రాగలవు? అప్పటికి తెలిసిన స్ఫటికాల కొలతలన్నీ గాలించారు. గొలుసులో ప్రతి పూస దగ్గరా రెండు మలుపు కోణాలు; వాటిలో ఏవి సాధ్యమో, ఏవి కావో రామకృష్ణన్, శశిశేఖరన్‌లతో కలిసి 1963లో పటం గీశారు. ఈనాటికీ కొత్త మాంసకృత్తు నిర్మాణం ఏది తేలినా ఆ పటంతో సరిచూడవలసిందే.

ఇంకొక విశేషం. కొలాజెన్‌లోని హైడ్రాక్సీప్రోలీను జన్యులిపిలో లేదు. గొలుసు అల్లిక జరిగాక ఒక ఎంజైము ప్రోలీనుకు మెరుగు పెడితే అది ఏర్పడుతుంది. ఆ పనికి విటమిన్ సి కావాలి. అది లేకపోతే తాడు ఒంటి వేడికే సడలిపోతుంది. చిగుళ్ళు నెత్తురోడుతాయి, మానిన గాయాలు తిరిగి విచ్చుకుంటాయి. 1747లో జేమ్స్ లిండ్ ఓడ మీది రోగులకు నారింజ, నిమ్మ పండ్లిచ్చి నయం చేసిన వ్యాధి ఇదే. అది ఎందుకు నయమయిందో తెలియడానికి రెండు శతాబ్దాలు దాటింది.

రామచంద్రన్ 2001లో కన్నుమూశారు. నోబెల్ రాలేదు. ఆక్షేపణకు సమాధానంగా ఆయన వెతికిన కొలబద్ద మాత్రం ప్రపంచంలోని ప్రతి ప్రయోగశాలలోనూ ఆయన పేరుతోనే వాడుకలో ఉంది.