ఇంటి చదువా, వీధిబడియా?

బిడ్డకు అయిదేండ్లు నిండునప్పటికి ప్రతి గృహమునందును ఒక ఆలోచన పుట్టును: బడికి పంపుదమా, ఇంటివద్దనే చెప్పించుదమా? బడులలోని పోటీలను, పరీక్షల భారమును, పుస్తకముల మూటలను చూచి విసిగి, పిల్లలను ఇంటనే చదివించుకొందుమనువారు నేడు నగరములలో అక్కడక్కడ కనిపించుచున్నారు. ఇది క్రొత్తగా తోచిన సందేహమని పలువురి తలంపు. కాని రెండువందల యేండ్లకు పూర్వమే ఈ ప్రశ్న మన దేశమున సర్కారు లెక్కల కెక్కినది. ఆ లెక్కలను ఒకమారు తిరిగి చూచినచో నేటి సందేహమునకు కొంత వెలుగు దొరకునని మా నమ్మకము.

1820లో చెన్నపురి గవర్నరైన సర్ తామస్ మన్రో, 1822 జూన్ 25వ తేదీన, ప్రతి జిల్లాయందును బడులెన్ని, చదువుకొను పిల్లలెందరు, ఏ యే జాతులవారు, ఏ పుస్తకములు చదువుచున్నారు అను విషయములను కలెక్టర్లు విచారించి పంపవలెనని సంకల్పించెను. జవాబులన్నియు చేరుటకు చాలకాలము పట్టెను. 1826 మార్చి 10వ తేదీన మన్రో వాని సారమును వ్రాసెను. చెన్నరాజధానిలో జనసంఖ్య 1,28,50,941, బడులు 12,498, విద్యార్థులు 1,88,650. వారిలో మగపిల్లలు 1,84,110 మంది. అయిదు మొదలు పది యేండ్ల ప్రాయముగల మగపిల్లలు 7,13,000 మంది యుందురని అతని అంచనా. అనగా నలుగురిలో ఒకనికంటె కొంచెము ఎక్కువమంది బడికి పోవుచుండిరి.

ఇచ్చటనే మన ప్రశ్న తలయెత్తినది. బడికి పోనివారందరును చదువురానివారేనా? కారాదని మన్రో గ్రహించెను. చెన్నపట్టణమున ఇంటివద్ద చదువుకొనువారు 26 వేలకు పైగా నుండిరని కలెక్టరు తెలిపెను. ఇది బడిపిల్లల సంఖ్యకు అయిదు రెట్లకు మించినది. ఈ సంఖ్యలో ఏదో పొరపాటుండునని మన్రోయే శంకించెను. అయినను, బంధువులచేతనో, ప్రత్యేకముగా పెట్టుకొనిన ఉపాధ్యాయులచేతనో ఇంట చెప్పించుకొనుట దేశమంతటను కలదని యెంచి, చదువుకొను మగపిల్లలు మూడవవంతుకు దగ్గరగా నుందురని తేల్చెను. కన్నడజిల్లా కలెక్టరు అసలు లెక్కలే పంపలేదు. తన జిల్లాలో చదువు చాలవరకు ఇండ్లలోనే సాగుచున్నందున బడుల లెక్క వేసినచో అది భ్రాంతిని గొలుపునని అతని సమాధానము.

ఇక బడి యెట్లుండెనో చూతము. 1823 ఆగస్టు 17వ తేదీన బళ్లారి కలెక్టరు ఎ. డి. క్యాంబెల్ పంపిన నివేదిక ఇందులకు మంచి సాక్ష్యము. ఈయన 1816లో తెలుగు వ్యాకరణమొకటి ఇంగ్లీషున ప్రకటించిన పండితుడు. ఆ జిల్లాలోని 533 బడులలో 235 కన్నడమువి, 226 తెలుగువి. అయిదవ యేట బిడ్డకు అక్షరాభ్యాసము జరుగునది బడిలో కాదు, ఇంటిలో. అయ్యవారును బడిపిల్లలును ఆ యింటికి వత్తురు; విఘ్నేశ్వరుని చుట్టును కూర్చుందురు; అయ్యవారు బిడ్డ వ్రేలు పట్టి బియ్యములో దిద్దించును. మరునాటి ఉదయము బిడ్డ బడికి పోవును. ఇంటికిని బడికిని నడుమ నేడు మనము కట్టుకొనిన గోడ ఆనాడు లేదు.

బడిలో తొలుత వచ్చిన పిల్లవాని అరచేత సరస్వతి పేరు వ్రాయుదురు. రెండవవానికి సున్న, మెప్పును లేదు, తప్పును లేదు. మూడవవాడు మొదలుకొని ఆలస్యమును బట్టి దెబ్బలు పెరుగును. ఇసుకలో అక్షరములు దిద్దుటయు, పెద్దపిల్లలు చిన్నపిల్లలకు చెప్పుటయు క్యాంబెల్ మెచ్చుకొనెను. ఇంగ్లండువారు దీనిని అనుకరించుట తగియున్నదని కూడ వ్రాసెను. ఆండ్రూ బెల్ అను మతాచార్యుడు చెన్నపట్టణమునందలి అనాథ బాలుర శాలలో ఈ పద్ధతిని పరీక్షించి, 1797లో లండనున గ్రంథముగా ప్రకటించియుండెను.

కాని దోషములును కలవు. పద్యములు కంఠస్థము, అర్థము శూన్యము. క్యాంబెల్ కంటె ముందు, 1820లోనే, చెన్నపురి పాఠ్యపుస్తక సంఘమునకు మన వెన్నెలకంటి సుబ్బారావు ఈ సంగతియే విన్నవించియుండెను. అంతకంటె బాధాకరమైనది మరియొకటి. బళ్లారి జిల్లాలో చదువుకొను పిల్లలు 6,641 మంది మాత్రమే; జనులు వేయిమందికి ఇంచుమించు ఏడుగురే. పూర్వము బడులుండిన గ్రామములు పెక్కింట అవి మూతబడినవి. విదేశపు బట్టలు వచ్చి చేతిపనివారి జీవనము చెడినదనియు, జీతము చెల్లింపలేక, పిల్లల చేతి సాయమును వదులుకొనలేక బీదలు చదువు మాన్పించిరనియు ఆ కలెక్టరే ఒప్పుకొనెను.

ఇప్పుడు మనము యోచింపవలసినది ఇది. బడి మూతబడినప్పుడు ఎవరు నష్టపడిరి? కరణము కొడుకు తండ్రి ప్రక్కన కూర్చుండి లెక్కలు నేర్చెను. వేదపండితుని కుమారుడు ఇంటనే వల్లెవేసెను. ధనవంతుడు పంతులను ఇంటికే రప్పించెను. సాలెవాని బిడ్డకును, కూలివాని బిడ్డకును ఇంట చెప్పువారేరీ? ఇంటి చదువు ఇంటనున్న చదువును మించిపోజాలదు. బళ్లారి బడులలోని బాలికలు 60 మంది మాత్రమే యనగా, ఆడపిల్లకు వీధిబడి తలుపు తెరచియుండినను లేనట్లే.

ఇంటి చదువే ప్రాణము పోసిన ఉదాహరణమును మరువరాదు. భండారు అచ్చమాంబ (1874–1905) బడికి పోయి చదువుకొనలేదు. తమ్ముడు కొమర్రాజు లక్ష్మణరావు చదువుకొనుచుండగా అతని తోడుగా నేర్చుకొని, ‘అబలా సచ్చరిత్ర రత్నమాల’ రచించెను. 1902లో ‘ధనత్రయోదశి’ కథను ప్రకటించెను. అయితే ఎంతమంది అక్కలకు అట్టి తమ్ముడు దొరకును? ఆమె పుట్టిన 1874లోనే కందుకూరి వీరేశలింగము ధవళేశ్వరమున బాలికా పాఠశాల స్థాపించెను. తమ్ముడు లేని అక్కలకు అట్టి బడియే దిక్కు.

2009లో శాసనమై 2010 ఏప్రిల్ 1 నుండి అమలునకు వచ్చిన విద్యాహక్కు చట్టము, ఆరు మొదలు పదునాలుగేండ్ల బిడ్డను సమీపపు బడిలో చేర్చుట తలిదండ్రుల విధి యన్నది. చేర్చనివారికి దండన మాత్రము విధింపలేదు. కావున ఇంట చదివింపదలచినవారు కొందరు సార్వత్రిక విద్యాపీఠము పరీక్షలకు పిల్లలను పంపుచున్నారు. వారిని నిందించుట మా యుద్దేశము కాదు. బిడ్డ బాధను కన్నులార చూచిన తల్లి మాటకు విలువ యున్నది. కాని నిర్ణయమునకు ముందు రెండు ప్రశ్నలు వేసికొనవలెను. మన యింట చెప్పగలవారును, చెప్పుటకు తీరికయు నిత్యము కలవా? ఇతరుల పిల్లల సరసన కూర్చుండి నేర్చుకొనునది మన బిడ్డకు ఎక్కడ లభించును?

మూడవ ప్రశ్న బడికి పంపువారికిని పంపనివారికిని సమానమే. చదువుకొనిన ఇండ్లవారు బడిని విడిచిపోయినచో, ఆ బడి మంచిచెడ్డలు అడుగువారెవరు? బళ్లారి పల్లెలలో బడులు తలుపులు మూసినప్పుడు అడిగినవారు లేకపోయిరి. మన వీధిలోని బడిని గూర్చి అడుగుటకు మన మున్నాము. బిడ్డను ఎచ్చట చదివించినను, ఆ బడి గడప తొక్కి విచారించుట మన యందరి విధియని మేము తలచుచున్నాము.