వాకిలి ఎవరి లెక్కలో ఉంది?

1940లో హైమన్‌డార్ఫ్ అమ్రాబాద్‌ పీఠభూమికి వచ్చి మన చెంచు పెంటల్లో ఉన్నాడు. 1943లో వచ్చిన ఆయన పుస్తకంలో మన గుండ్రటి గుడిసెలు ఉన్నాయి. తడికల గోడ, పైన గడ్డి కప్పు, లోపల నలుగురు పడుకునేంత చోటు. అంత ఇరుకులో ఎట్లా బతికారని మీలో చాలామంది అడుగుతారు. బతికింది లోపల కాదు కదా! గడ్డలు కాల్చుకున్నా, బుట్ట అల్లినా, చుట్టాలు వచ్చినా అంతా వాకిట్లోనే. ఎండాకాలం వాగు పక్కన ఆకుల పందిరి వేసుకుంటే అదే ఇల్లు.

సర్కారు కొలత వేరు. ఇందిరా ఆవాస్ యోజనలో ఇంటికి కనీసం 20 చదరపు మీటర్లు. 2016లో దాని స్థానంలో వచ్చిన పథకంలో వంటచోటుతో కలిపి 25. వానకు కురవని కప్పు వద్దని నేను అనను. గడ్డి కప్పు కింద వానాకాలం గడిపినవాళ్లెవరూ అనరు. కానీ ఆ 25 గోడల మధ్య కొలతే. వరసగా ఇళ్లు కట్టి, నడుమ సందు మాత్రం వదిలితే కుటుంబానికి చోటు పెరిగినట్టా, తగ్గినట్టా?

పులుల అభయారణ్యం నుంచి పెంటను తరలించాలంటే 2006 అటవీ హక్కుల చట్టం ప్రకారం గ్రామసభ రాతపూర్వకంగా ఒప్పుకోవాలి. ఆ కాగితం ముందు పెట్టినప్పుడు ఇంటి కొలతతో పాటు వాకిలి ఎన్ని గజాలో కూడా అడగండి.