వెట్టి చట్టం వచ్చిన ఏడే మేత్రాసనం వచ్చింది

1976 ఫిబ్రవరిలో పార్లమెంటు వెట్టిచాకిరీ నిర్మూలన చట్టం చేసింది. అదే ఏడాది మే 31న ఆరవ పౌలు పోపుగారు నల్లగొండ కతోలిక మేత్రాసనాన్ని ఏర్పాటు చేశారు. అప్పటి నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాలు రెండూ దాని కిందికి వచ్చాయి. మా నార్కట్‌పల్లి కూడా అందులోదే. ఈ రెండు సంగతులనూ కలిపి చెప్పగా నేనెక్కడా వినలేదు. మేత్రాసనానికి 50 ఏళ్లు నిండే ఈ 2026లో వాటిని కలిపే చెప్పాలి. ఈ ప్రాంతంలో సిలువ గుర్తు వేసుకున్న కుటుంబాల్లో ఎక్కువ భాగం వెట్టి చేసిన చేతులవే.

నార్కట్‌పల్లి అంటే చాలామందికి హైదరాబాద్–విజయవాడ రోడ్డు మీద అద్దంకి దారి చీలే కూడలి. ఇంకొందరికి చెరువుగట్టు. అమావాస్య వస్తే జడల రామలింగేశ్వరుడి గుట్టకు జనం సాగిపోతుంటారు. మొక్కుకుని నడిచి వెళ్లడం ఇక్కడ ఎవరికీ కొత్త కాదు. అందుకే ఫ్రాన్సిస్ పోపుగారు 2025 జూబిలీకి నిరీక్షణతో నడిచే యాత్రికుల మాట చెప్పినప్పుడు మా పల్లెల్లో దాన్ని విడమరచి చెప్పాల్సిన పని లేకపోయింది.

క్రైస్తవం మా జిల్లాకు రెండు దారుల్లో వచ్చింది. 1890 ప్రాంతంలో రష్యా నుంచి వచ్చిన మెన్నొనైట్ దంపతులు ఫ్రీసెన్‌లు, అమెరికన్ బాప్టిస్టుల తరఫున నల్లగొండలో మిషన్ మొదలుపెట్టారు. కతోలికుల దారి హైదరాబాద్ మీదుగా వచ్చింది. 1886లో హైదరాబాద్ మేత్రాసనం అయింది. మిలాన్ నుంచి వచ్చిన పీమే మిషనరీ సభ గురువులు నిజాం రాజ్యపు పల్లెల్లో తిరిగారు. అయితే గురువు ఎప్పుడో ఒకసారి వచ్చేవాడు. మిగతా రోజులన్నీ ఉపదేశివే. జపాలు నేర్పింది ఆయన, చావుకు పక్కన నిలిచింది ఆయన, పిల్లలకు పలక పట్టించింది కూడా చాలాచోట్ల ఆయనే. ఆయన భార్య చేసిన సేవకైతే లెక్కే లేదు.

మేత్రాసనం వచ్చాక కూడా ఈ సంగతి మారలేదు. మొదటి మేత్రాణులు పీమే సభకు చెందిన మాథ్యూ చెరియన్‌కున్నేల్ 1986 దాకా ఉన్నారు. తర్వాత కొన్నేళ్లు పీఠం ఖాళీ. 1989లో వచ్చిన అద్దగట్ల ఇన్నయ్య 1993లో కొత్తగా ఏర్పడ్డ శ్రీకాకుళం మేత్రాసనానికి వెళ్లారు. మళ్లీ 1997లో జోజి గోవిందు వచ్చేదాకా ఖాళీయే. ఆయన తర్వాత ఇంకొన్నేళ్లు ఖాళీ. 2024లో కరణం దమన్ కుమార్ నియమితులయ్యారు. పీఠం ఖాళీగా ఉన్న ఆ ఏళ్లన్నిటా విచారణ గురువులు, మఠకన్యలు, ఉపదేశులు, అక్టోబరు నెలంతా వాడలో ఇంటింటికీ జపమాల తీసుకెళ్లిన అమ్మలు విశ్వాసాన్ని మోశారు. స్వర్ణోత్సవాల వేదిక మీద వీళ్ల పేర్లు ముందు వినిపించాలని నా పట్టుదల.

జూబిలీ అంటే రంగు వేసిన గుడి, తోరణాలు, పెద్ద పూజ మాత్రమే అనుకుంటే లేవీయకాండం 25వ అధ్యాయం తీసి చదవాలి. యాభయ్యో ఏట పోయిన భూమి తిరిగి రావాలి, అప్పుకింద అమ్ముడుపోయినవాడు ఇంటికి తిరిగి రావాలి అంటుంది. ఆ మాట విన్న మా జిల్లా మనిషికి గడి గుర్తొస్తుంది, దొర గుర్తొస్తాడు, 1946 నుంచి 1951 దాకా సాగిన సాయుధ పోరాటం గుర్తొస్తుంది. 1951 ఏప్రిల్ 18న, అప్పట్లో ఇదే జిల్లాలో ఉన్న పోచంపల్లిలో, దళితులు 80 ఎకరాలు అడిగితే వెదిరె రామచంద్రారెడ్డి 100 ఎకరాలు ఇస్తానని వినోబా భావే ముందు లేచి నిలబడ్డారు. రోమా నగరంలో మొదటి జూబిలీ 1300లో జరిగింది. దాని అర్థం మాత్రం మాకు పోచంపల్లిలోనే బాగా తెలుస్తుంది.

వెట్టి పోయినా ఇంకో ముడి మిగిలింది. 1950 ఆగస్టు 10 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం క్రైస్తవం తీసుకున్న దళితుడికి ఎస్సీ హోదా ఉండదు. అందుకే ఎన్నో ఇళ్లలో జ్ఞానస్నానపు పేరు ఒకటి, సర్టిఫికెట్ పేరు ఇంకొకటి. పూజలో చేయెత్తి మొక్కే మనిషి మండల ఆఫీసులో తలదించుకోవాల్సి వస్తోంది. ఇది నాకు తీరని బాధ. 2022 ఆగస్టులో పూల ఆంథోనీగారు కార్డినల్ అయి, ఆ స్థానానికి చేరిన మొదటి దళితుడైనప్పుడు మా వాడల్లో పొంగిన సంతోషం వెనక ఆ బాధ కూడా ఉంది.

ఆత్మీయ నవీకరణ అని మనం పదేపదే అంటున్నాం. పాపసంకీర్తనానికి వెళ్లడం దానికి మొదలే. పొలం గట్టు కోసం పదేళ్లుగా మాటల్లేని అన్నదమ్ములు ఒక బల్ల దగ్గర కూర్చోవాలి. వడ్డీకి ఇచ్చేవాళ్లు మన సంఘంలోనూ ఉన్నారు. బీద దేశాల అప్పులు రద్దు చేయమని ధనిక దేశాలను 2025 జూబిలీ పత్రంలో ఫ్రాన్సిస్ పోపుగారు అడిగారు. మన వాడలో మందుల కోసం అప్పు చేసిన ఆడమనిషికి వడ్డీ వదలమని మనం అడగలేమా? మాల, మాదిగ అని సమాధుల తోటలో కూడా వేరు పడుతున్న చోట ఆ గీత ఈ ఏడాదే చెరిపేయాలి. అది చేయకుండా చేసే ఊరేగింపును నేను నవీకరణ అనలేను.

ఇంకొక్క పని ఉంది. ఉపదేశుల్ని చూసిన తరం వెళ్లిపోతోంది. ఏ ఊళ్లో మొదటి జ్ఞానస్నానం ఎవరికి ఇచ్చారు, మొదటి ప్రార్థన ఏ చెట్టుకింద జరిగింది, దొరకు ఎదురు చెప్పి గుడిసె గుడి వేసింది ఎవరు? ఇవి రిజిస్టర్లలో ఉండవు, ముసలివాళ్ల నోట ఉన్నాయి. నార్కట్‌పల్లి, అమ్మనబోలు, బ్రాహ్మణవెల్లెంల, ఔరవాణి, ఎక్కడివారైనా సరే, మీ ఇంట్లో పెద్దవాళ్లను కూర్చోబెట్టి అడగండి, రాసుకోండి, మీ విచారణ గురువుకు ఒక ప్రతి ఇవ్వండి. 2026 దాటేలోగా ఈ పని చేయండి.