యవద్వీప గ్రామములు: భూమియు, భారమును

యవద్వీపమను పేరు రామాయణము చదివినవారికి క్రొత్తది కాదు. కిష్కింధాకాండమున సుగ్రీవుడు సీతాన్వేషణమునకై వానరులను తూర్పుదిక్కునకు పంపుచు చెప్పిన తావులలో అదియు నొకటి. నేటి ఇండొనేషియాలోని జావా ద్వీపమే అదియని పెక్కురు పండితులు తలంతురు. అచటి పల్లెకు ‘దేస’ అని పేరు. ఇది సంస్కృతపు దేశశబ్దమే. మనకు దేశమన్న కన్నునకానని విశాలభూమి. జావా రైతునకు తన యూరే దేశము.

ఆ యూరి భూములను తెలిసికొనుటకు మూడు మాటలు చాలును. నీరుకట్టి వరి పండించు మడి ‘సావా’, మెట్టచేను ‘తెగాల్’, ఇంటి చుట్టునుండు పెరడు ‘పెకరాంగన్’. పెరడనగా మనవలె నాలుగు బీరపాదులు, ఒక మునగచెట్టు అని తలంపరాదు. కొబ్బరి, పనస, అరటి, బొప్పాయి, వాని నీడను దుంపలు, మందుమొక్కలు, ఒక మూల కోళ్లు, మరియొక మూల వెదురుపొద. బయటినుండి చూచువానికి ఇల్లు కనబడక తోపే కనబడును. పంటలకు నడుమ మడి వట్టిపోయిన నెలలలో సంసారమును గట్టెక్కించునది ఈ పెరడే.

ఇంటి విషయమున ఒక వింత కలదు. కొయ్య, వెదుళ్లతో కట్టిన పాతకాలపు జావా ఇంటిని స్తంభములు, దూలములు ఊడదీసి వేరొక చోట నిలబెట్టుకొనవచ్చును. నేలను అమ్మకయే ఇంటిని అమ్మవచ్చును. ఒకరి నేలపై మరియొకరి ఇల్లుండుట, ఒకరి దొడ్డిలోని చెట్టు వేరొకరిదగుట అచటి ఆచారమునకు విరుద్ధము కాదు. మన దస్తావేజులలో ఇల్లు స్థిరాస్తి. అచట అది చరాస్తివంటిది. ఇంటి వెనుకభాగమున నడిమి గది వరిధాన్యపు దేవతయైన దేవి శ్రీకి ప్రత్యేకింపబడి యుండెడిది. ఊరివారిలో అత్యధికులు మహమ్మదీయులైనను ఈ శ్రీదేవి వారి పొలములను విడిచిపోలేదు.

అయితే నేల ఎవరిది? రాజుదా, ఊరిదా, దున్నువానిదా? ఈ ప్రశ్నను జావాలో పదునైదువందల యేండ్లుగా ఏలికలందరును అడిగిరి. పల్లె మాత్రము చాలకాలము దీనిని వేరువిధముగా అడిగికొనెను: నేలతోపాటు వచ్చు బరువును మోయువారెవరు?

జకార్తా నగరమునకు సమీపమున దొరికిన తుగు శాసనము క్రీ.శ. 5వ శతాబ్దినాటిది. పల్లవలిపిలో సంస్కృత శ్లోకములతో చెక్కబడినది. పూర్ణవర్మయను రాజు తన యేలుబడి 22వ యేట గోమతియను కాలువను ఫాల్గుణ బహుళాష్టమినాడు ఆరంభించి చైత్ర శుద్ధ త్రయోదశినాటికి, అనగా 21 దినములలో, 6,122 ధనుస్సుల పొడవున త్రవ్వించి, బ్రాహ్మణులకు 1,000 గోవులను దానమిచ్చెనట. పంచాంగము చూడనేర్చినవారు లెక్క వేసికొనవచ్చును: ఈ తిథులకు 21 దినములు సరిపోవలెనన్న మాసములు మనవలె అమాంతములు కావలెను, ఉత్తరదేశపు పూర్ణిమాంత గణనకు కుదరదు. దక్షిణదేశపు లెక్క అక్కడికి చేరినదనుటకు ఇంతకన్న చక్కని సాక్ష్యమేమి కావలెను? గోవుల లెక్కయు, ధనుస్సుల లెక్కయు మిగిలినవి. గునపము పట్టిన చేతుల లెక్క మాత్రము లేదు.

తూర్పు జావాలోని కెదిరి ప్రాంతపు హరింజింగ్ శాసనమున 804వ సంవత్సరపు తేదీ కలదు. ప్రాచీన జావా భాషలో తేదీ తెలిసిన శాసనములలో అదియే తొలిది. ఒక యేటినీటిని మళ్లించిన పనినిగూర్చి అది చెప్పుచున్నది. ఆ తరువాతి శతాబ్దుల శాసనములలో ‘సీమ’యను మాట తరచుగా వచ్చును. ఒక గ్రామముపై రాజునకు రావలసిన దానిని దేవాలయమునకో, ధర్మమునకో విడిచిపెట్టినచో ఆ గ్రామము సీమయగును. ఇక రాజుగారి వసూలుదారులు దాని పొలిమేరలో అడుగిడరాదు. రాతిని నిలిపి, కోడి మెడ కోసి, గ్రుడ్డు పగులగొట్టి, ధర్మమును చెరచువాడును ఇట్లే యగుగాకయని శపించి, పిమ్మట అందరును భోజనములకు కూర్చుండెడివారు. మన శాసనముల చివరి శాపములు చదివినవారికి ఇది చుట్టపుచూపువలె నుండును. సాక్షులుగా వచ్చిన గ్రామపెద్దలను ఆ శాసనములు ‘రామ’ అని పేర్కొనును. తండ్రియని దాని అర్థము. శ్రీరామునితో ముడిపెట్టరాదు.

మతారాం రాజ్యము 1755లో గియంతి సంధిచే యోగ్యకర్తా, సురకర్తా అని రెండుగా చీలినపుడు పంచుకొన్నది విస్తీర్ణమును కాదు, ‘చచా’లను. చచాయనగా పనిచేసి పన్ను ఇయ్యగల ఒక కుటుంబము. దీనికే ‘కార్య’ అనియు పేరుండెను. జనము తక్కువ, అడవి ఎక్కువ అయిన కాలమున మనిషి లేని నేలకు విలువ ఏమున్నది?

ఊరిలోని అంతరములును ఈ లెక్కమీదనే నిలిచెను. మడియు, పెరడును, ఇల్లును గలవాడు ‘కులి కెన్చెంగ్’. వినుటకు మన కూలిమాటవలె నున్నను అర్థము తలక్రిందులు: వాడు ఊరికి పూర్తిహక్కుగల కాపు. రాజపు వెట్టి, బాట మరమ్మతు, కాలువ పూడికతీత, రాత్రి కావలి ఇవన్నియు మొదట వాని మెడమీదనే పడును. ఇల్లు, పెరడు మాత్రమే యున్నవాడు కొంత తక్కువ మోయును. ఇతరుల ఇంట తలదాచుకొను ‘నుంపాంగ్’కు భూమియు లేదు, భారమును స్వల్పము. పెద్దరికమన్నది మోయుటకు సంసిద్ధమైన భుజమునకు దక్కిన గౌరవము. భూమికొలత పేరును ‘బాహు’యే, తరువాతి కొలతలలో అది 7,096 చదరపు మీటర్లు, మన లెక్కలో సుమారు ఒక ఎకరము 75 సెంట్లు.

ఊరిపెద్ద ‘లురా’, వ్రాయసకాడు ‘చారిక్’, కావలిపెద్ద ‘జగబయ’, నీటిని పంచు ‘ఉలు-ఉలు’. వీరికి జీతముగా ఊరిభూమి కొంత విడిచెడివారు. దానిని ‘బెంగ్‌కొక్’ అందురు. కరణమునకు, నీరటికి మాన్యమిచ్చిన పూర్వపు తెలుగుపల్లెలకు ఈ ఏర్పాటు వివరించి చెప్పనక్కరలేదు.

ఆస్తిపంపకమున జావావారు ఒక విషయమున ముందడుగు వేసిరని ఒప్పుకొనవలెను. భార్య తెచ్చుకొన్నది భార్యదే, భర్త తెచ్చుకొన్నది భర్తదే. ఇద్దరును కలిసి సంపాదించినది ‘గొనొ-గిని’, అనగా ఉమ్మడి. కుమార్తెకును నేలలో పాలు కలదు. కొన్నిచోట్ల సమభాగము, కొన్నిచోట్ల ‘సెపికుల్ సెగెందోంగ్’. పురుషుడు కావడిబద్దకు రెండు తట్టలు మోయును, స్త్రీ వీపున ఒకటి మోయును. కనుక రెండు పాళ్లకు ఒక పాలు. ఇచటను లెక్క మోతబరువుతోనే. ఆ ఒక్క తట్టలో బిడ్డయు నుండునన్న సంగతి లెక్కకట్టినవారు మరచిరి కాబోలు.

ఇంగ్లీషువారు 1811లో జావాను డచ్చివారినుండి గెలిచి 1816వరకు ఏలిరి. ఆ దండయాత్రలో వెళ్లినవారిలో కాలిన్ మెకంజీ యొకడు. తెలుగునాట ఊరూర కరణములచేత కైఫీయతులు వ్రాయించి దాచిన ఆ మెకంజీయే. గవర్నరు రాఫిల్స్ భూమిహక్కుల విచారణకు సంఘమునేర్పరచి దానికి ఈతనిని ముఖ్యునిగా చేసెను. కడప, బళ్లారి సీమలలో మన్రో నడిపిన రైత్వారీ విధానపు ఛాయ అట్లు సముద్రము దాటెను. సర్కారే భూస్వామి, రైతు కౌలుదారు అని రాఫిల్స్ నిర్ణయించెను. మొదట ఊరిపెద్దలతోను, 1814నుండి ఒక్కొక్క రైతుతోను లెక్క కుదుర్చుటకు పూనెను. ఉత్తమమైన మడికి పంటలో సగము, మధ్యమమునకు ఐదింట రెండు, అధమమునకు మూడింట ఒకటి శిస్తు. మెట్టకు వరుసగా ఐదింట రెండు, మూడింట ఒకటి, నాలుగింట ఒకటి. కాగితముమీద ముచ్చటగానే యున్నది. కాని సరియైన కొలతలేదు, కొలుచుటకు మనుష్యులు లేరు. అడంగలు లేని గ్రామమున రైతువారీ శిస్తు ఎట్లు సాగునో పాఠకులే యూహింపగలరు.

డచ్చివారు తిరిగివచ్చి శిస్తును ఊరిమొత్తముపై వేసిరి. 1830లో వాన్ డెన్ బాష్ కొత్త కట్టడి తెచ్చెను: ఊరిభూమిలో ఐదవవంతు సర్కారుకోరు చెరకునకో నీలికో విడువవలెను. ఐదవవంతు మాట వ్రాతలోనిది. పలుచోట్ల అంతకు మించి లాగిరి. చెరకు మడినే కోరును, మడినీటినే త్రాగును. అపుడు పెక్కు పల్లెలు తమ పాతతర్కము ననుసరించి ఒక పని చేసినవి. వెట్టి పెరిగినది కాబట్టి మోయుభుజములు పెరుగవలెను. నేలలేనివారికిని మడిచెక్కలిచ్చి, వంతులవారీగా మార్చుకొనుచు, ఊరిభూమిని అందరికిని పంచిరి. తరువాతివారు దీనిని ప్రాచీన సమష్టిధర్మమని పొగడిరి. కొంత నిజమే కావచ్చును. కాని అనేక గ్రామములలో అది బరువును పంచుకొనుటకై పుట్టిన సమష్టి. పంచుకొన్నను మోయలేని దినములు వచ్చెను. 1848–50లలో దెమాక్, గ్రోబోగన్ ప్రాంతములలో కరవు పడి జనము చచ్చిరి, మిగిలినవారు వలసపోయిరి.

1870నాటి భూశాసనము, హక్కు ఋజువు కాని నేలయంతయు సర్కారుదేయని ప్రకటించి, అట్టి నేలను తోటల కంపెనీలకు 75 ఏండ్ల కౌలునకిచ్చు వీలు కల్పించెను. రైతు భూమిని విదేశీయులు కొనరాదనియు నిషేధించెను. రెండవది మేలు. వెట్టి క్రమముగా తలపన్నుగా మారెను. ఇది యెల్లరు సంతోషింపదగిన మార్పు. కాని భుజముల అవసరము తీరగానే, భుజముమాత్రమే యున్నవానికి చెక్క యేల ఇయ్యవలెనను ప్రశ్న పుట్టెను. భూమి కొనదగిన వస్తువయ్యెను. వంతులభూములు స్థిరపడి ఎవరికి వారివయ్యెను.

అంతలో జనము పెరిగిరి. 1815లో రాఫిల్స్ లెక్కకు 46 లక్షలున్న ద్వీపమున 2020 జనగణననాటికి 15 కోట్ల 16 లక్షలు. స్వాతంత్ర్యానంతరము 1960లో ప్రభుత్వము రాఫిల్స్ నాటి భావమునకును, 1870 ప్రకటనకును స్వస్తిచెప్పి, భూపరిమితిని, పాలేర్పాటుకు చట్టమును తెచ్చెను. సగపాలునకు ‘మారో’ యని, మూడవపాలునకు ‘మెర్తెలు’ అని పేరు. పంపకము ఆలస్యమాయెను. 1963నుండి నేలలేనివారు తామే పొలములలో దిగిరి. ఊళ్లు రెండు కక్షలయ్యెను. 1965–66లలో దేశమున కొన్ని లక్షలమంది హతులైరి. జావా పల్లెలు అందు ముఖ్యరంగము. భూసంస్కరణ ఆ రక్తముతో పాటు ఇంకిపోయెను.

అయినను నేలలేనివారికి ఒక హక్కు మిగిలియుండెను. కోతకు వచ్చినవారిని కాదనరాదు. అరచేతిలో ఇమిడెడు చిన్నకత్తి ‘అని-అని’తో స్త్రీలు ఒక్కొక్క కంకిని కోసెడివారు, పెద్దకత్తి చూచిన దేవి శ్రీ బెదరునని నమ్మకము. కోసినదానిలో ‘బవోన్’ అను పాలు వారిది. చుట్టరికమునుబట్టి ఐదింట ఒకటి మొదలు పండ్రెండింట ఒకటివరకు నుండును. వందమంది వచ్చినను అందరికిని ఒక పిడికెడు. ఈ పాలు ఏ సర్కారు దస్త్రమునను లేదు.

1960ల చివరినుండి పొట్టి వరివంగడములు వచ్చెను, కొడవలి వచ్చెను. చేనిమీది పంటను వర్తకుడు గుత్తగా కొని తన మనుష్యులచే కోయించు ‘తెబసాన్’ వ్యాప్తియయ్యెను. రైతు స్వయముగా బీదరాలిని వెళ్లగొట్టనక్కరలేదు. పంట వర్తకునిది, వర్తకునకు ఊరి మొగమోటము లేదు. బియ్యపు మిల్లులు రాగానే రోకలిపోటుపై బ్రదికిన స్త్రీల పనియు పోయెను. పంట పెరిగెను, ఆకలి తగ్గెను. ఈ మేలును కాదనువారు లేరు. గట్టుమీద నిలిచిన ఆడుదానికి మాత్రము రమ్మను పిలుపు లేదు.

కొన్ని యూళ్లలో నేటికిని కోతకు ముందు పొలముగట్టున అన్నము, కోడికూర పెట్టి ‘వివిట్’ అను పూజ చేసి, మొదటి గుప్పెడు కంకులను అని-అనితోనే కోయుదురు. తరువాత కొడవళ్లు దిగును.