రంగులరాట్నం కింద నిలబడ్డ పిల్లకాయలు



పోయిన నెల డిగ్రీ ఫస్టియర్ పిల్లలకి ఒక చిన్న పని ఇచ్చాను. 'మీ చిన్నప్పటి తిరునాళ్ళ గురించి ఒక పేజీ రాయండి' అన్నాను. నలభై కాయితాలు వచ్చాయి. పీచుమిఠాయి, బుడగలు, జెయింట్ వీల్, తప్పిపోతే మైకులో పిలిచిన పేరు. అన్నీ తియ్యటి జ్ఞాపకాలే. ఒక అమ్మాయి మాత్రం రెండే వాక్యాలు రాసింది. 'మేము రంగులరాట్నం కింద నిలబడి చూసేవాళ్ళం సార్. మా నాయన డప్పు కొట్టడానికి పొయ్యేవాడు.'

ఆ కాయితం ఇంకా నా సంచిలోనే ఉంది. ఈ వారం వ్యాసం దాని గురించే. ఎందుకంటే ఆ రెండు వాక్యాలు నావి కూడా.

మాది ఉదయగిరి కొండ కనపడే ఊరు. చరిత్ర పుస్తకంలో ఉదయగిరి అంటే 1514లో శ్రీకృష్ణదేవరాయలు గజపతుల నుంచి గెలిచిన దుర్గం. మా అరుంధతివాడకి ఉదయగిరి అంటే సంత, ఆసుపత్రి, బస్టాండు. అంతా మెట్ట. వానొస్తే పంట, రాకుంటే వలస. చేలో పనులు తగ్గి ఎండలు ముదిరే వేళకి తిరునాళ్ళు మొదలయ్యేవి. లారీలో ఇనుప కమ్మీలు, తొట్లు, రంగులు పెచ్చులూడిన చెక్క గుర్రాలు దిగేవి. మా ఊరికొచ్చేది పెద్ద రాట్నం కాదు. నాలుగే తొట్లు. ఇద్దరు మనుషులు చేతుల్తో తిప్పేవాళ్ళు. దాన్ని బిగించే రెండు రోజులూ మేం బడి ఎగ్గొట్టి అక్కడే ఉండేవాళ్ళం. మా పాలిటికి అదే పార్కు.

1994లో నాకు ఏడేళ్ళు. తిరునాళ్ళ రోజు నాయన మెడలో డప్పు. డప్పు మోగందే మా ఊళ్ళో దేవుడు గుడి దాటి బయటికి రాడు. నేనూ మా అక్కా డబ్బులిచ్చి ఒక తొట్టిలో కూర్చున్నాం. ఎదురుపలక మీద ఊళ్ళోని పెద్దింటి పిల్లోడు కూర్చుని ఉన్నాడు. రాట్నం తిప్పేవాళ్ళు పై ఊరివాళ్ళు, మేమెవరో వాళ్ళకి తెలీదు. ఇంతలో ఒకాయన వచ్చి, 'ఎవురి పిల్లకాయలురా ఈళ్ళు?' అన్నాడు. ఎవరో చెప్పారు. 'దిగండ్రా' అన్నాడు. దిగాం. డబ్బులు తిరిగిచ్చారు. చేతికి తగలకుండా, పైనుంచి వేశారు.

నాయన అక్కడికి ముప్పై అడుగుల దూరంలో ఉన్నాడు. చూశాడు. డప్పు ఆగలేదు. ఆగితే ఏమవుతుందో ఆయనకి తెలుసు. ఆ రాత్రి మా ఇంట్లో ఎవరూ ఆ మాట ఎత్తలేదు. నేను చదివిన పల్లెటూరి జ్ఞాపకాల వ్యాసాల్లో తిరునాళ్ళ డప్పు బాగానే వినపడుతుంది. కొట్టినాయన పిల్లలు ఎక్కడ నిలబడ్డారో మాత్రం కనపడదు.

అయితే నాకూ ఒక తియ్యటి జ్ఞాపకం ఉంది. దానికి ముందు ఒక పోరాటం ఉంది. మాకు కొద్ది దూరంలోని దూబగుంటలో అక్షరాస్యత ఉద్యమం పాఠాల్లో 'సీతమ్మ కథ' చదువుకున్న ఆడవాళ్ళు 1992లో సారా మీద తిరగబడ్డారు. ఆ పోరు జిల్లా అంతా పాకి, రాష్ట్రమంతా అంటుకుంది. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రంలో సారా నిషేధం వచ్చింది. చరిత్రకారులు దీన్ని మహిళా ఉద్యమంగా రాశారు, నిజమే. మా ఇంట్లో మాత్రం అది అమ్మ చీరకొంగు ముడిలో మిగిలిన రూపాయలు.

ఆ రూపాయలతోనే 1995లో అమ్మ మమ్మల్ని ఏఎస్ పేట దర్గా గంధానికి తీసుకెళ్ళింది. ఉదయగిరిలో బస్సెక్కి, ఆత్మకూరులో దిగి, ఇంకో బస్సు మారాం. దర్గా బయట దుకాణాలు, ఖర్జూరాలు, గాజులు, బొరుగులు. వాటి వెనక ఇంజనుతో తిరిగే పెద్ద రాట్నం. 'ఎక్కండి' అంది అమ్మ. ఎక్కి కూర్చున్నాక కూడా నేను కిందికే చూస్తున్నా, ఎవరు దిగమంటారా అని. తిప్పే ఆయన వచ్చి ఒకే మాట అడిగాడు: 'టిక్కెట్టు?' చూపించాం. చక్రం కదిలింది. పైకెళ్ళాక దర్గా దీపాలన్నీ ఒక్కసారిగా కనపడ్డాయి. నా పక్కన కూర్చున్న పిల్లోడి కులం నాకు ఈనాటికీ తెలీదు. వాడికి నాదీ తెలీదు.

ఆ రాట్నం ఆయన సంస్కర్త అని నేననడం లేదు. ఆయనకి తొట్లు నిండాలి. టిక్కెట్టు సమానత్వం కాదు, డబ్బుల్లేని పిల్లోడు అక్కడా కిందే నిలబడ్డాడు. కానీ ఆ రాత్రి ఒకటి అర్థమైంది. మమ్మల్ని దించింది చక్రం కాదు, ఊరు.

పీహెచ్‌డీ చేసేటప్పుడు హాస్టల్ గదిలో మార్టిన్ లూథర్ కింగ్ 1963 ఏప్రిల్‌లో బర్మింగ్‌హామ్ జైలు నుంచి రాసిన లేఖ చదివాను. అందులో ఒకచోట ఆగిపోయాను. టీవీ ప్రకటన చూసిన ఆరేళ్ళ కూతురు ఫన్‌టౌన్ పార్కుకి ఎందుకు వెళ్ళకూడదని అడిగితే, నల్ల పిల్లలకి అక్కడ ప్రవేశం లేదని చెప్పలేక తండ్రి నాలుక మడతపడటం గురించి రాస్తాడాయన. నాకు మా నాయన గుర్తొచ్చాడు. అంత పెద్ద నాయకుడు, అంత పెద్ద ఉద్యమం నడుపుతూ, జైల్లో కూర్చుని, ఆటస్థలం గురించి ఎందుకు రాశాడు? వివక్ష పిల్లలకి మొదట తెలిసేది అక్కడే కాబట్టి.

అదే ఏడాది జూలై 4న బాల్టిమోర్ దగ్గరి గ్విన్ ఓక్ పార్కు ముందు నల్లవాళ్ళూ తెల్లవాళ్ళూ కలిసి నిరసన చేసి వందల మంది అరెస్టయ్యారు. ఆగస్టు 28న, కింగ్ వాషింగ్టన్‌లో తన కల గురించి మాట్లాడిన రోజునే, ఆ పార్కు అందరికీ తెరుచుకుంది. షారన్ లాంగ్లీ అనే పదకొండు నెలల నల్లపాప అక్కడి గుర్రాల రాట్నం ఎక్కింది. ఆ రాట్నాన్నే తర్వాత వాషింగ్టన్ నడిబొడ్డుకి తెచ్చి నిలబెట్టారు.

మరి మనకి? మనకి అంతకు ముందే రాసిపెట్టి ఉంది. రాజ్యాంగం 15వ అధికరణం రెండో క్లాజు తీయండి. దుకాణాలు, హోటళ్ళతో పాటు ప్రజా వినోద స్థలాల్లోకి కులం పేరుతో ఎవరినీ అడ్డుకోకూడదని ఉంటుంది. ఆ తర్వాతే బావులు, చెరువులు, రోడ్లు వస్తాయి. 1927లో మహద్ చెరువు నీళ్ళు తాగి పోరాడిన అంబేడ్కర్ అధ్యక్షుడిగా ఉన్న కమిటీ తయారుచేసిన రాజ్యాంగంలో నీళ్ళ పక్కనే ఆట కూడా ఉంది. 1955 నాటి పౌరహక్కుల పరిరక్షణ చట్టం ఇంకా వివరంగా చెబుతుంది. వినోదం అంటే ప్రదర్శన, ఆట, ఇంకే రకమైన కాలక్షేపమైనా. స్థలం అంటే గుడారం కూడా. ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టంలో 2016 జనవరి 26 నుంచి అమల్లోకి వచ్చిన సవరణలైతే జాతరల్ని పేరు పెట్టి చెప్పాయి.

అంటే 1994లో మమ్మల్ని దించిన రోజుకి ఆ చట్టానికి 39 ఏళ్ళు. దించినాయనకి చట్టం తెలీదు. మా నాయనకీ తెలీదు. తేడా ఏమిటంటే, తెలియకపోవడం వల్ల ఆయనకి నష్టం లేదు.

మొన్న క్లాసులో ఆ అమ్మాయి పేరు చెప్పకుండా ఈ కథంతా చెప్పాను. 15వ అధికరణం బోర్డు మీద రాశాను. బెల్లు కొట్టాక ఆ అమ్మాయి వచ్చి, 'సార్, ఆ కాయితం ఇస్తారా, మళ్ళీ రాస్తా' అంది. ఈసారి ఎన్ని పేజీలైనా రాయమన్నాను.

మీరూ రాయండి. ఇంటికెళ్ళినప్పుడు మీ అమ్మనీ నాయననీ అడగండి, తిరునాళ్ళలో వాళ్ళు ఎక్కడ నిలబడ్డారో. ఏ ఊరు, ఏ ఏడు, ఎవరు ఏమన్నారో రాసిపెట్టండి. మా నాయనని నేను అడిగేసరికి ఆయనకి డెబ్బై దాటాయి. చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత అన్నాడు, 'ఆ పొద్దు డప్పు ఆపుంటే బాగుండు అబ్బయ్యా.'

జై భీమ్.