కుక్కలలో ఎలర్జీ: నెప్ట్యూన్ మొదలు నేటి దాకా

నెల్లిమర్లలో గాని, చంపావతి ఒడ్డున ఉన్న మరే ఊరిలో గాని, వెంట్రుకలు ఊడి, చర్మం నల్లబడి, నిలిచిన చోటనే కాలితో పొట్ట గోక్కొనే కుక్క కనబడితే దానికి అందరూ పెట్టే పేరు ఒక్కటే: గజ్జికుక్క. ఆ పేరు పడిన కుక్కకు అరుగు మీద చోటు పోతుంది. పిల్లలను దాని దగ్గరకు పోనివ్వరు. కొందరు కిరసనాయిలు పూస్తారు. కొందరు ఇంజనులో వాడి తీసిన నూనె పూస్తారు. అవి చర్మాన్ని కాల్చడమే గాక, కుక్క ఒళ్ళు నాకినప్పుడు కడుపులోకి పోయి విషంగా పనిచేస్తాయి. ఇంత జరిగిన పిమ్మట ఆ కుక్కకు అసలు గజ్జి లేనే లేదని తేలడం అరుదు కాదు. నెలల తరబడి దురదతో బాధపడే కుక్కలలో అనేకం ఎలర్జీ రోగులు.

రెండు వ్యాధులలోను దురద ఉన్నది. పోలిక అంతటితో సరి. గజ్జి ఒక పురుగు వలన వస్తుంది. కంటికి ఆనని ఆ పురుగు చర్మంలో సొరంగాలు తొలిచి గుడ్లు పెడుతుంది. మనుషుల గజ్జికి కారణమైన పురుగును 1687లోనే ఇటలీ వైద్యుడు బొనోమో సూక్ష్మదర్శినిలో చూసి వర్ణించాడు. కుక్కల గజ్జి ఒక కుక్క నుండి మరొక కుక్కకు అంటుతుంది. కొద్దికాలం మనిషిని కూడ బాధిస్తుంది. ఎలర్జీ ఎవరికీ అంటదు. అది బయటి నుండి వచ్చిన రోగం కాదు, ఆ కుక్క శరీరం తన రక్షణకై చేసే పనిలో వచ్చిన పొరపాటు. ఈ సంగతి గ్రహించడానికి వైద్యశాస్త్రానికి చాలా కాలం పట్టింది. చిత్రమేమంటే, ఆ చరిత్ర మొదలైనదే ఒక కుక్కతో.

1901 వేసవిలో మొనాకో రాజు ఒకటవ ఆల్బర్టు తన పరిశోధన నౌకలో అట్లాంటిక్ సముద్రం మీద ప్రయాణిస్తూ షార్ల్ రిషే, పాల్ పోర్టియే అనే ఇద్దరు ఫ్రెంచి శాస్త్రజ్ఞులను వెంట తీసుకొని పోయాడు. సముద్రంలో ఈదేవారిని కుట్టి బాధించే ఫైసేలియా అనే జంతువు విషాన్ని పరిశీలించవలసిందని వారికి సూచించాడు. పారిస్ తిరిగి వచ్చిన తరువాత ఫైసేలియా దొరకలేదు. అందుచేత వారు సముద్రపు రాళ్ళకు అంటుకొని ఉండే ఆక్టీనియా అనే జంతువు టెంటకిల్స్ నుండి విషం తీసి, కుక్కలకు ఎక్కించి చూశారు. ఎంత మోతాదులో కుక్క చనిపోతుందో తెలుసుకోవడం వారి ఉద్దేశం. తక్కువ మోతాదు తీసుకొని బ్రతికిన కుక్కలను ఊరికే పోనివ్వక, కొన్ని వారాల తరువాత మళ్ళీ వాడుకొన్నారు.

అటువంటి కుక్కలలో నెప్ట్యూన్ ఒకటి. బలమైనది, ఆరోగ్యమైనది. మొదటి మోతాదు దానికేమీ కీడు చేయలేదు. మూడు వారాలు దాటిన తరువాత అదే మోతాదు ఇచ్చారు. టీకా వేసిన వానికి వ్యాధి రానట్లే, ఒకసారి విషం రుచి చూసిన కుక్క రెండవసారి మరింత తట్టుకొంటుందని ఎవరైనా అనుకొంటారు. జరిగినది దానికి పూర్తిగా వ్యతిరేకం. కొన్ని క్షణాలలోనే నెప్ట్యూన్ ఎగశ్వాసతో కూలిపోయి, నెత్తురు కక్కుకొని 25 నిమిషాలలో మరణించింది. 1902 ఫిబ్రవరిలో ఆ ఇద్దరూ పారిస్ జీవశాస్త్ర సంఘానికి ఈ విషయం నివేదించారు. రక్షణకు విరుద్ధమైనది అనే అర్థంలో గ్రీకు మాటలతో దీనికి అనాఫిలాక్సిస్ అని పేరు పెట్టారు. 1913లో రిషేకు నోబెల్ బహుమానం లభించింది. పోర్టియేకు అందులో భాగం దక్కలేదు. నెప్ట్యూన్ మీద జరిగిన ప్రయోగాన్ని మాత్రం రిషే తన నోబెల్ ఉపన్యాసంలో తలచుకొన్నాడు.

1906లో వియన్నా పిల్లల వైద్యుడు క్లెమెన్స్ ఫాన్ పిర్కే ఈ విపరీత స్పందన ఒక పెద్ద కుటుంబంలోనిదని గుర్తించి, మారిన స్పందన అనే భావంతో ఎలర్జీ అనే మాట కల్పించాడు. 1911లో లండనులో లియొనార్డ్ నూన్ గడ్డి పుప్పొడి రసాన్ని అతి స్వల్ప మోతాదులతో ఆరంభించి క్రమంగా పెంచుతూ సూది మందుగా ఇచ్చి, పుప్పొడి వలన వచ్చే జలుబుకు చికిత్స చేసి చూపాడు. ఏ పదార్థం బాధిస్తున్నదో దానినే కొంచెం కొంచెంగా అలవాటు చేయడం అతని పద్ధతి. నూన్ 1913లో క్షయతో చిన్న వయసులోనే పోయాడు. అతని పద్ధతి మిగిలింది.

ఇక్కడ చరిత్రలో ఒక వింత కనిపిస్తుంది. అనాఫిలాక్సిస్‌ను ప్రపంచానికి చూపినది కుక్క. తరువాతి దశాబ్దాలలో ప్రయోగశాలలో షాకు తెప్పించి పరిశీలించడానికి కుక్కలనే విరివిగా వాడారు. మనిషికి గొంతు, ఊపిరితిత్తులు మూసుకొని పోతే, కుక్కకు కాలేయంలో రక్తం నిలిచిపోతుందని కూడ తెలిసింది. అయినా వాకిట్లో పడుకొని తనంత తానుగా గోక్కొనే కుక్కకు ఎలర్జీ ఉండవచ్చునని చాలాకాలం ఎవరూ ఆలోచించలేదు. 1923లో కోకా, కుక్ అనే అమెరికా వైద్యులు వంశపారంపర్యంగా వచ్చే ఎలర్జీకి అటోపీ అని పేరు పెట్టిన నాడు, అది మానవజాతికే పరిమితమైనదని సాధారణాభిప్రాయం.

ఆ అభిప్రాయానికి దెబ్బ తగిలినది 1941లో. అమెరికాలోని మినియాపొలిస్ నగరంలో ఫ్రెడ్ విటిక్ అనే మనుషుల వైద్యుడు, ఏటా ఒకే ఋతువులో బాధపడే ఒక కుక్కను పరిశీలించాడు. ఆ ఋతువు రాగ్వీడ్ అనే కలుపు మొక్క పూచే కాలం. ఆ పుప్పొడితో కుక్క చర్మం మీద పరీక్ష చేస్తే దద్దురు లేచింది. ఆయన నూన్ పద్ధతిలోనే చికిత్స చేశాడు. కుక్కలకు కూడ సహజమైన ఎలర్జీ ఉన్నదని అట్లా తేలింది. నెప్ట్యూన్ చనిపోయి అప్పటికి దాదాపు నలభై సంవత్సరాలు!

రాగ్వీడ్ దూరదేశపు మొక్కగా కనిపించినా, దాని బంధువు ఒకటి నెల్లిమర్ల విద్యార్థులకు బాగా తెలుసు. వయ్యారిభామ, కాంగ్రెసు గడ్డి అని పిలిచే పార్థీనియం దాని కుటుంబానికి చెందినదే. 1950 దశకంలో పూనా ప్రాంతంలో కనిపించిన ఈ అమెరికా మొక్క నేడు తెలుగు దేశమంతటా రైలు కట్టల వెంట, బీడు భూములలో పెరుగుతున్నది.

శరీరంలో జరిగేదేమిటో 1966–67లో స్పష్టమైంది. అమెరికాలో ఇషిజాకా దంపతులు, స్వీడనులో యోహాన్సన్, బెన్నిక్ వేరువేరుగా కృషిచేసి ఒక కొత్త ప్రతిరక్షకాన్ని కనుగొన్నారు. దానికి ఇమ్యునోగ్లోబులిన్ ఇ అని పేరు. 1970 దశకంలో కుక్కలలోను ఇటువంటిదే ఉన్నదని రుజువైంది. ఒక పదార్థం మొదటిసారి లోపలికి వచ్చినప్పుడు శరీరం దానికి సరిపడే ప్రతిరక్షకాలు తయారుచేసుకొంటుంది. అవి చర్మంలోను, శ్వాసనాళాలలోను ఉండే మాస్టు కణాలకు అంటుకొని కాచుకొని ఉంటాయి. ఆ పదార్థం మళ్ళీ వస్తే మాస్టు కణాలు పగిలినట్లుగా హిస్టమీన్ మొదలైన ద్రవ్యాలను వెదజల్లుతాయి. నెప్ట్యూన్ మొదటిసారి బ్రతికి రెండవసారి పోవడానికి కారణం ఇదే.

శరీరాన్నే బాధించే ఈ ఏర్పాటు ప్రకృతిలో ఎందుకు నిలిచిందని తరగతిలో ఏ తెలివైన విద్యార్థి అయినా అడుగుతాడు. నులిపురుగులు, ఫైలేరియా వంటి పరాన్నజీవులతో పోరాడడానికి ఈ ప్రతిరక్షకం ఉపకరిస్తుందని ఎక్కువమంది శాస్త్రజ్ఞుల అభిప్రాయం. ఫైలేరియా అనగా బోదకాలు. ఉత్తరాంధ్ర తీరానికి చిరపరిచితమైన వ్యాధి. దానికి మందుగా 1947లో వెలువడిన హెట్రజాన్ భీమవరంలో పుట్టిన ఎల్లాప్రగడ సుబ్బారావు నాయకత్వంలో అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో తయారైనదే. కుక్కలకు దోమకాటుతో గుండెలో చేరే ఒక పురుగు ఉన్నది. దాని నివారణకు కూడ ఈ మందు చాలా సంవత్సరాలు వాడుకలో ఉండేది. కాని అప్పటికే రక్తంలో ఆ పురుగు పిల్లలు తిరుగుతున్న కుక్కకు దీనిని ఇస్తే అవి ఒక్కసారిగా నశించి, షాకు వచ్చి కుక్క ప్రాణానికే ముప్పు కలుగుతుంది. రక్తపరీక్ష చేయకుండ ఇవ్వరాదని అందుకే నియమం.

మనిషికి పుప్పొడి పడకపోతే తుమ్ములు వస్తాయి, కన్నీరు కారుతుంది. కుక్క ఎక్కువగా గోక్కొంటుంది. ముందుపాదాలు ఎడతెగక నాకుతుంది. తెల్లకుక్క పాదాలు లాలాజలంతో ఎర్రబారి కనిపిస్తాయి. చంకలు, పొట్ట, మూతి, చెవులు కందిపోతాయి. చెవిలో చీము, దుర్వాసన మాటిమాటికీ వస్తే చెవి మందుతోనే సరిపెట్టక ఎలర్జీని అనుమానించాలి. సాధారణంగా ఇది ఆరు నెలల నుండి మూడేళ్ళ వయసులో ఆరంభమవుతుంది. గజ్జి పురుగు ముందుగా చెవి అంచులను, మోచేతులను పట్టుకొంటుంది. ఈ తేడాలు దారి చూపుతాయే గాని తీర్పు చెప్పవు. చర్మాన్ని గీకి సూక్ష్మదర్శినిలో చూడడం పశువైద్యుడు చేయవలసిన మొదటి పని. గజ్జి పురుగు ఒక్కొక్కసారి గీకుడులో దొరకదు కనుక అనుమానం ఉంటే గజ్జికి మందు ఇచ్చి కూడ చూస్తారు.

కారణాలలో మొదట చూడవలసినది ఫ్లీ అనే రెక్కలు లేని, గంతులు వేసే చిన్న పురుగు. ఎలర్జీ ఉన్న కుక్కకు వందల పురుగులు అక్కరలేదు. కొద్దిపాటి కాట్లతో లోపలికి పోయిన లాలాజలమే చాలు. నడుము వెనుక భాగం, తోక మొదలు వెంట్రుకలు పోయి పుండు పడితే ఇది గుర్తుకు రావాలి. పురుగు కనబడలేదు గదా అని యజమాని వాదించడం పరిపాటి. ఎప్పుడూ ఒళ్ళు నాకుకొనే కుక్క వాటిని మింగివేస్తుంది. పైగా కుక్క ఒంటి మీద ఉండేవి కొద్ది మాత్రమే. గుడ్లు, లార్వాలు, ప్యూపాలు దాని పడక మీద, నేల పగుళ్ళలో పెరుగుతాయి.

జనపనార మిల్లుతో పేరు పొందిన నెల్లిమర్ల వంటి ఊరిలో కుక్క పడక చాలా ఇళ్ళలో పాత గోనెసంచి. ఇక్కడ గోనెను తప్పుపట్టడం తొందరపాటు. దానిలో నివసించేవాటిని చూడాలి. గోనె నేతలోని సందులు ఫ్లీ గుడ్లకు మంచి చోటు. రాలిన చర్మపు పొట్టు తిని బ్రతికే ధూళి పురుగు కూడ అక్కడే చేరుతుంది. కుక్కల ఎలర్జీకి ప్రపంచమంతటా ముఖ్యకారణాలలో ఇది ఒకటి. దానికి తేమగాలి కావాలి. వానకాలం నుండి తుపానుల కాలం దాకా ఈ తీరంలో తేమకు కొదవ లేదు. వారానికొకసారి గోనెను మరిగిన నీటిలో నానబెట్టి ఎర్రటి ఎండలో ఆరవేస్తే ఖర్చు లేకుండ సగం పని జరుగుతుంది. మిగతా సగం ఇంట్లోని అన్ని కుక్కలకు, పిల్లులకు ఒకేసారి తగిన పురుగుల మందు. కుక్కల మందు పిల్లికి వేయరాదు. కొన్ని పిల్లులకు ప్రాణాంతకం.

ఆహారపు ఎలర్జీ ఏడాది పొడుగునా ఉంటుంది. దీనికి రక్తపరీక్షలు నమ్మదగినవి కావు. గతంలో ఎన్నడూ తినని ఒక మాంసకృత్తు పదార్థంతో ఎనిమిది వారాలు ఆహారం పెట్టి, తగ్గితే పాత ఆహారం మళ్ళీ ఇచ్చి చూడడమే పరీక్ష. చెప్పడం సులభం. కాని పాలన్నం, కోడిగుడ్డు, ఎండుచేప ముక్క, విందులో మిగిలిన కోడి ఎముక అన్నీ తిన్న ఊరి కుక్కకు కొత్త ఆహారం ఏది? ఇంట్లో ఎవరో ఒకరు జాలిపడి వేసే ఒక్క ముక్కతో ఎనిమిది వారాల శ్రమ వృథా అవుతుంది. పెట్టిన ప్రతి ముద్దను నెలల వెనుకకు గుర్తు చేసుకొని వ్రాసుకొన్న తరువాతనే ఈ పరీక్షకు దిగడం మంచిది.

మందుల చరిత్ర చిన్నది. 1937లో బోవె, స్టౌబ్ ఫ్రాన్సులో హిస్టమీనును అడ్డుకొనే మొదటి మందును కనుగొన్నారు. మనిషికి మేలు చేసినంతగా ఇవి కుక్క దురదకు పనిచేయవు. ఆ దురదకు హిస్టమీన్ ఒక్కటే కారణం కాదు. 1948లో కార్టిసోన్ ప్రయోగం ఫలించాక స్టిరాయిడ్లు వచ్చాయి. ఒక్క సూదితో దురద మాయమవడం చూసి యజమాని మళ్ళీ మళ్ళీ అదే కోరుతాడు. తరచుగా వాడితే విపరీతమైన దాహం, ఆకలి, కండరాల క్షీణత, చక్కెర వ్యాధి, చర్మ వ్యాధులు వస్తాయి. అకస్మాత్తుగా మానినా ప్రమాదమే. 2013లో అమెరికాలో ఆమోదం పొందిన ఓక్లాసిటినిబ్, తరువాత వచ్చిన లోకివెట్మాబ్ అనే ప్రతిరక్షకపు సూది దురద సంకేతాన్నే అడ్డుకొంటాయి. ఇవి బాగా పనిచేస్తాయి, ఖరీదు ఎక్కువ. వీటి వలన ఎలర్జీ పోదు. బాధ అణగి ఉంటుంది.

ఎలర్జీని మూలంలో మార్చగల పద్ధతిగా నేటికీ నిలిచినది నూన్ 1911లో వాడినదే. కుక్క చర్మం మీద గాని, రక్తంలో గాని పరీక్ష చేసి, పుప్పొడి, ధూళి పురుగు వంటి వాటిలో ఏది సరిపడదో తెలుసుకొని, దాని రసాన్ని క్రమంగా పెంచుతూ ఇస్తారు. సగానికి పైగా కుక్కలలో మేలు కనిపిస్తుంది. ఫలితం తెలియడానికి కొన్ని నెలలు, ఒక్కొక్కసారి ఏడాది కూడ పడుతుంది. అంతవరకు గోనె ఉతకడం, వారానికొకసారి గోరువెచ్చని నీటితో కుక్కలకు తగిన షాంపూతో స్నానం, నెలనెలా పురుగుల మందు ఆపరాదు.