తప్పిపోయిన స్వరాలు



తప్పిపోయిన కుమారుని ఉపమానం మీలో తెలియనివారెవరు? ఆ కథను నూరేళ్ల క్రితమే గ్రామఫోన్ రికార్డులకు ఎక్కించారని ఎందరికి తెలుసు? జార్జ్ గ్రియర్సన్ నడిపిన భారతీయ భాషల సర్వేలో భాగంగా 1913–1929 మధ్య మన దేశ భాషలను రికార్డు చేశారు. ఆయా భాషలవారు ఇదే ఉపమానాన్ని తమ భాషలో చెప్పారు. వాటిలో తెలుగు కూడా ఉంది. ఆ స్వరాలను నేటికీ వినగలుగుతున్నాం. ఎందుచేత? ప్రతి రికార్డుకు సంఖ్య, భాష పేరు రాసిపెట్టారు గనుక.

తరువాత టేపులు వచ్చాయి. పెట్టె మీద పేరు, తేదీ రాస్తే చాలు, ధ్వని ఆ పెట్టెలోనే ఉండేది. కంప్యూటరు వచ్చాక ఆ సంగతి మారింది.

2000లో విడుదలైన ఆడాసిటీ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌నే గమనించండి. మనం సేవ్ చేసే ప్రాజెక్టు ఫైలులో ధ్వని ఉండేది కాదు. ఏ ముక్క ఎక్కడ ఉందో చెప్పే పటం మాత్రమే ఉండేది. అసలు స్వరం చిన్న చిన్న ముక్కలై పక్కనున్న డేటా ఫోల్డరులో ఉండేది.

ఇది తెలియక నేనే నష్టపోయాను. 2008లో శామీర్‌పేటలో ఒక వృద్ధ సేవకుని సాక్ష్యం రికార్డు చేశాను. పెన్‌డ్రైవ్‌లోకి ప్రాజెక్టు ఫైలు ఒక్కటే ఎక్కించి, కంప్యూటరు ఫార్మాట్ చేయించాను. మేడ్చల్‌లో తెరిచి చూస్తే నిశ్శబ్దం! పటం మిగిలింది, ఊరు పోయింది. మళ్లీ చెప్పించుకుందామంటే అప్పటికే ఆయన ప్రభువు నందు నిద్రించారు.

2021 మార్చిలో వచ్చిన 3.0 వెర్షన్‌తో ఆడాసిటీ అన్నింటినీ ఒకే ఫైలులో ఉంచుతోంది. అయితే ప్రోటూల్స్, క్యూబేస్ వంటివాటిలో నేటికీ ప్రాజెక్టు ఫైలు వేరు, ఆడియో ఫోల్డరు వేరు.

కాబట్టి పాటకైనా, ప్రసంగానికైనా ఒక ఫోల్డరు చేయండి. పేరులో ముందు సంవత్సరం, తరువాత నెల, తేదీ పెట్టండి. అప్పుడవి వరుసగా నిలుస్తాయి. బయటి నుండి తెచ్చిన ధ్వనులను కూడా అందులోకే కాపీ చేయండి. పంపేటప్పుడు ఫోల్డరంతా పంపండి. పూర్తయినదాన్ని వేవ్ ఫైలుగా కూడా దాచండి, దానిని ఏ సాఫ్ట్‌వేరైనా తెరవగలదు. రెండు చోట్ల ఉంచి, వేరే కంప్యూటరులో తెరిచి విన్న తరువాతే పాతది చెరపండి.

మీ సంఘంలో పెద్దల స్వరాలు ఏ ఫోల్డరులో ఉన్నాయి? ఈ వారమే తెరిచి చూడండి.